పోలింగ్ కేంద్రంలో భోజనం ఎవరు పెట్టాలి?

ఎన్నికల సంఘం ఏ అధికరణ కింద ఏర్పడిందని అడిగితే గ్రూప్-2కి చదివేవాళ్లు నిద్రలో లేపినా 324 అని చెబుతారు. ఎమ్మెల్యేగా పోటీ చేయడానికి కనీస వయసు, డిపాజిట్ ఎంత, అది ఎప్పుడు పోతుంది... ఇవన్నీ నోటికి వచ్చినవే. కానీ ఇంకో ప్రశ్న వేసి చూడండి. ఎన్నిక నడపడానికి అయ్యే డబ్బు ఎవరు పెడతారు? ఈవీఎం, వాటిని మోసుకొచ్చే బస్సు, రాత్రి బడిలో పడుకునే టీచర్లు, గుమ్మం దగ్గర నిలబడే కానిస్టేబుల్, ఎండకు వేసిన శామియానా, వీటన్నింటికీ బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది? చాలామంది ‘ఎన్నికల సంఘం’ అంటారు. కొంతమంది ‘పార్టీలే కదా సార్’ అంటారు. రెండూ తప్పే.

ఇది బిట్లలో వస్తుందో రాదో పక్కన పెట్టండి. రేపు ఉద్యోగం వచ్చాక ఇది నేరుగా మీ నెత్తిన పడే విషయం. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఎన్నిక నడిపే ఖర్చులో ప్రైవేటు డబ్బు ఒక్క రూపాయి కూడా ఉండకూడదు. ఈ నియమం మన దేశంలో చాలావరకు ఉంది. దాన్ని చిన్న చిన్న మర్యాదల పేరుతో మనమే పలచన చేస్తున్నాం.

బిల్లు ఎవరిది?

లెక్క తేలికే. లోక్‌సభ ఎన్నిక ఒక్కటే జరిగితే ఖర్చు కేంద్రానిది. అసెంబ్లీ ఎన్నిక ఒక్కటే జరిగితే రాష్ట్రానిది. రెండూ కలిసి జరిగితే చెరి సగం. ఈవీఎంలు కొనే ఖర్చు కేంద్రం భరిస్తుంది. వాటిని తయారుచేసేది కూడా రెండు ప్రభుత్వరంగ సంస్థలే. ఒకటి బెంగళూరులోని బెల్, రెండోది మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. మీలో కొందరు అప్రెంటిస్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఈసీఐఎల్ అదే.

ఈ లెక్క మన పడమటి నెల్లూరులో ఎలా పనిచేస్తుందో చూద్దాం. 2012 జూన్ 12న నెల్లూరు లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. అదే రోజు ఉదయగిరి అసెంబ్లీకి కూడా ఉప ఎన్నిక. ఉదయగిరి, ఆత్మకూరు రెండూ నెల్లూరు లోక్‌సభ పరిధిలోనివే. అందుకని ఆ రోజు వింజమూరులో ఓటరు రెండు ఓట్లు వేశాడు. పక్కనే ఆత్మకూరు నియోజకవర్గంలోని మర్రిపాడులో ఓటరు ఒక్కటే వేశాడు. నియమం ప్రకారం మర్రిపాడు పోలింగ్ కేంద్రం ఖర్చు కేంద్రానిది. వింజమూరులో అయితే కేంద్రం, ఉమ్మడి రాష్ట్రం చెరి సగం.

పదేళ్ల తర్వాత ఆత్మకూరు వంతు వచ్చింది. మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరిలో మరణించడంతో ఆ ఏడాది జూన్ 23న ఉప ఎన్నిక జరిగింది. తెలుగుదేశం పోటీ చేయలేదు. వైఎస్సార్సీపీ అభ్యర్థి మేకపాటి విక్రమ్ రెడ్డి 82,888 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఫలితం ముందే తెలిసిన ఎన్నికేనని చాలామంది అన్నారు. అయినా రెండు లక్షల పైచిలుకు ఓటర్ల కోసం అనంతసాగరం నుంచి సంగం దాకా ప్రతి పోలింగ్ కేంద్రమూ తెరవాల్సిందే. పోటీ గట్టిగా ఉందా లేదా అన్నదానితో పోలింగ్ కేంద్రానికి పనిలేదు. అక్కడికి వచ్చే ఒక్క ఓటరు కోసమైనా అది ఉండాలి. ఆ ఖర్చు రాష్ట్ర ఖజానా నుంచి వెళ్లాలి.

మనుషుల సంగతి కూడా అంతే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 159వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కంపెనీలు అడిగిన వెంటనే సిబ్బందిని ఇవ్వాలి. 160వ సెక్షన్ కింద భవనాలను, వాహనాలను తీసుకోవచ్చు. కానీ ఊరికే కాదు. 161వ సెక్షన్ ప్రకారం పరిహారం చెల్లించాలి. ప్రైవేటు ట్రావెల్స్ బస్సును ఎన్నికలకు తీసుకుంటే దానికి అద్దె ఇస్తారు. యజమాని ‘ఫ్రీగా వాడుకోండి సార్’ అన్నంత మాత్రాన అది ఉచిత సేవ కాకూడదు. చట్టం ఉద్దేశం స్పష్టంగానే ఉంది. ఎన్నిక ఎవరికీ రుణపడకూడదు.

అమెరికాలో ఏం జరిగింది?

ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముంది, ఎవరైనా మంచి మనసుతో ఇస్తే తీసుకుంటే పోలా అనిపించొచ్చు. ఆ ప్రయోగం అమెరికాలో జరిగింది.

అక్కడ ఎన్నికలు నడిపేది మనలా ఒకే జాతీయ సంఘం కాదు. కౌంటీలు, పట్టణాలు తమ బడ్జెట్లోంచి నడుపుకుంటాయి. 2020లో కరోనా వచ్చింది. పోస్టల్ బ్యాలెట్లు పెరిగాయి, మాస్కులు కావాలి, వయసు మళ్లిన పోలింగ్ సిబ్బంది రామన్నారు. ఆ మార్చిలో అమెరికా పార్లమెంటు ఎన్నికల ఏర్పాట్ల కోసం రాష్ట్రాలకు 40 కోట్ల డాలర్లు ఇచ్చింది. చాలలేదని అధికారులు మొత్తుకున్నారు. అప్పుడు ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, ఆయన భార్య ప్రిసిల్లా చాన్ రెండు స్వచ్ఛంద సంస్థల ద్వారా 40 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. దేశ ప్రభుత్వం ఇచ్చినంత సొమ్మును ఒక్క కుటుంబం ఇచ్చిందన్నమాట! అందులో పెద్ద వాటా సెంటర్ ఫర్ టెక్ అండ్ సివిక్ లైఫ్ అనే సంస్థ ద్వారా దాదాపు 2,500 ఎన్నికల కార్యాలయాలకు చేరింది.

ఆ డబ్బుతో జరిగిన పనులు చెడ్డవి కావు. కవర్లు విప్పే యంత్రాలు కొన్నారు, అదనపు సిబ్బందిని పెట్టుకున్నారు, ఓటు వేసే పెట్టెలు పెట్టారు. చట్టం తప్పారంటూ వచ్చిన ఫిర్యాదులను అక్కడి ఫెడరల్ ఎన్నికల కమిషన్ తోసిపుచ్చింది కూడా. కానీ ఎన్నికయ్యాక అసలు గొడవ మొదలైంది. ఏ ఊరికి ఎంత ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు? ఒక పార్టీకి పట్టున్న నగరాలకు ఎక్కువ వెళ్లిందా? ఓడినవాళ్లకు అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి ఆధారం ఎంతుందన్నది వేరే చర్చ. అనుమానానికి చోటివ్వడమే అసలు నష్టం. ఆ తర్వాత సగానికి పైగా రాష్ట్రాలు ఎన్నికల కార్యాలయాలు ప్రైవేటు విరాళాలు తీసుకోవడంపై నిషేధమో ఆంక్షలో పెట్టాయి. ఎంఎస్‌కు మన పిల్లలు ఎక్కువగా వెళ్లే టెక్సస్, జార్జియా కూడా వాటిలో ఉన్నాయి. విస్కాన్సిన్‌లో అయితే 2024 ఏప్రిల్‌లో ప్రజలే ఓటేసి, ఈ నిషేధాన్ని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చుకున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నిషేధించిన రాష్ట్రాలన్నీ ఆ మేరకు ప్రభుత్వ నిధులు పెంచలేదు. ప్రైవేటు డబ్బు వద్దంటే సరిపోదు. ఆ ఖాళీని ఖజానా పూడ్చాలి. లేకపోతే ఇబ్బంది పడేది క్యూలో నిలబడ్డ ఓటరే. ఈ పాఠాన్ని మనం రెండు వైపుల నుంచీ నేర్చుకోవాలి.

మన దగ్గర ఉప్మా, శామియానా

మన దగ్గర జుకర్‌బర్గ్ అక్కర్లేదు. ఊరి పెద్ద చాలు.

సీతారామపురం మండలంలో కొండ పక్కన ఒక ఊరు అనుకోండి. పోలింగ్‌కు ముందు రోజు సాయంత్రానికి సిబ్బంది బడికి చేరతారు. దగ్గర్లో హోటల్ లేదు. ఇచ్చిన భత్యం జేబులోనే ఉంది, కానీ దాంతో కొనడానికి అక్కడ ఏమీ దొరకదు. అప్పుడు ఒకాయన వస్తాడు. ‘సార్, మా ఊరికొచ్చి పస్తుంటారా? ఇంటి దగ్గర వంట చేయించినాం, తినండి.’ పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం కోడికూర, ఎండకు కూలర్, క్యూకు శామియానా. ఆయన ఏ పార్టీ మనిషో ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిది మీకే. ఇలాంటివి మన పల్లెల్లో అందరూ ఎరిగినవే. ఎవరూ దీన్ని నేరంగా చూడరు. అతిథి మర్యాద అంటారు.

నిజమే, అది మర్యాదే. అన్నం పెట్టినంత మాత్రాన ఏ టీచరూ దొంగ ఓట్లు వేయించడు. కానీ మధ్యాహ్నం మూడింటికి గుర్తింపు కార్డు లేకుండా ఒకడు వస్తాడు. అవతలి పార్టీ ఏజెంటు అభ్యంతరం చెబుతాడు. అన్నం పెట్టిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి ‘సార్, మనోడే, పోనీయండి’ అంటాడు. అప్పుడు ‘కుదరదు’ అనడానికి నోరు ఎంత గట్టిగా పెగులుతుంది? ఒకవేళ మీరు గట్టిగానే కాదన్నారనుకుందాం. అయినా పొద్దున మీరు ఆయన ఇంటి ఉప్మా తినడం అవతలి ఏజెంటు చూశాడు. సాయంత్రం మీరు చేసే ప్రతి సంతకాన్నీ అతను ఆ ప్లేటుతో కలిపే చూస్తాడు. అమెరికాలో కోట్ల డాలర్లు పుట్టించిన అనుమానాన్ని ఇక్కడ ఒక ప్లేటు ఉప్మా పుట్టిస్తుంది.

ఇది మీకెందుకు అంటారా? మెగా డీఎస్సీలో ఒక్కసారే 16,347 టీచర్ పోస్టులు భర్తీకి వచ్చాయి. ఎన్నికల విధుల్లో ముందు వరస టీచర్లదే. రెవెన్యూ, పంచాయతీరాజ్, వ్యవసాయ శాఖ, బ్యాంకు... మీరు ఏ ఉద్యోగం కొట్టినా రెండు మూడేళ్లలోపే ‘పోలింగ్ అధికారిగా నియమించడమైనది’ అన్న కాగితం రావచ్చు. మీ మొదటి ఎన్నికల డ్యూటీలో మీ ముందుకు వచ్చే మొదటి ప్రైవేటు విరాళం ఆ భోజనం ప్లేటే.

వద్దని చెప్పడం ఉద్యోగి ఒక్కడి బాధ్యత మాత్రమే కాదు. మారుమూల కేంద్రానికి వేడి భోజనం, నీళ్లు, నీడ అందించాల్సింది జిల్లా యంత్రాంగం. మండల కేంద్రంలో ఒకచోట వండించి, రూట్ అధికారి వాహనంలో పంపడం పెద్ద పని కాదు. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఆ వంట అప్పగించి డబ్బు చెల్లిస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. ఆకలితో ఉన్న మనిషిని నిజాయతీగా ఉండమని సర్క్యులర్ పంపితే సరిపోదు. అన్నం కూడా పంపాలి.

బడికి ఇవ్వొచ్చు, పోలింగ్‌కు వద్దా?

‘విరాళాలు అన్నిచోట్లా మంచివే కదా, ఎన్నికల దగ్గరే ఎందుకు తప్పు?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉదయగిరిలోని మెరిట్స్ ఇంజనీరింగ్ కళాశాలను మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. గౌతమ్ రెడ్డి జ్ఞాపకంగా ఆ ప్రాంగణాన్ని వ్యవసాయ విద్య కోసం ప్రభుత్వానికి అప్పగిస్తామని ఆయన కుటుంబం 2022లో ముందుకొచ్చింది. చదువుకు ఇచ్చే విరాళాన్ని ఎవరు కాదంటారు? బడికి గది కట్టించినా, ఆసుపత్రికి మంచాలిచ్చినా మంచిదే.

తేడా ఎక్కడుందంటే, బడిలో అందరూ గెలవొచ్చు. ఆసుపత్రిలో అందరికీ నయం కావచ్చు. ఎన్నికలో ఒకరు గెలిస్తే మిగతావాళ్లు ఓడిపోవాలి. అంపైర్ జీతం ఒక జట్టు యజమాని ఇస్తే, ఆయన ఎంత న్యాయంగా వేలెత్తినా స్టేడియం నమ్మదు. ఎన్నికల్లో గెలిచినవాడి సంతోషం కంటే ఓడినవాడి నమ్మకం ముఖ్యం. ‘ఓడిపోయాను, కానీ లెక్క సరిగ్గానే జరిగింది’ అని అతను ఇంటికి వెళ్లాలి.

వీల్‌చైర్లు, మంచినీళ్లు ఇస్తామనే సంస్థలు నిజంగానే ఉంటాయి. వాళ్లను తరిమేయమని కాదు. ఇచ్చేది పోలింగ్ షెడ్యూలుకు చాలా ముందు, జిల్లా యంత్రాంగానికి, రసీదుతో ఇవ్వాలి. ఏ కేంద్రానికి వెళ్లాలో దాత చెప్పకూడదు. వస్తువు మీద పేరు ఉండకూడదు. ఇక ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ విద్యార్థులు వృద్ధులను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం విరాళం కాదు, సేవ. జిల్లా అధికారులు పిలిస్తే తప్పకుండా వెళ్లండి.

ఎన్నికనే కొనేస్తే?

ఇందులోనే ఇంకో రూపం పంచాయతీల్లో ఉంది. సర్పంచ్ పదవికి వేలం. ఎవరు ఎక్కువ ఇస్తామంటే వాళ్లు తప్ప ఇంకెవరూ నామినేషన్ వేయరు. ఆ డబ్బు గుడికి, రోడ్డుకు అంటారు. దీనికి పెట్టిన పేరు ఏకగ్రీవం. ఇది ప్రైవేటు డబ్బుతో ఎన్నిక నడపడం కూడా కాదు, ఎన్నిక లేకుండా చేయడం. ఊరంతా కూర్చుని మాట్లాడుకుని ఒకరిని ఒప్పుకుంటే అది వేరే సంగతి. దానికి కూడా ప్రభుత్వమే డబ్బు ఆశ పెడితే ఎలా? 2021 పంచాయతీ ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరికి డబ్బు వస్తుందంటే పోటీ చేయాలనుకున్న చదువుకున్న కుర్రాడిని ‘నీవల్ల ఊరికి నష్టం’ అని కూర్చోబెట్టడం ఎంత తేలికో ఆలోచించండి. ఎన్నిక ఖర్చును భరించలేని భారంగా చూడటం మొదలుపెడితే చివరికి చేరేది ఇక్కడికే.

గేటు బయట

పోలింగ్ కేంద్రం లోపల ఖర్చు ప్రజలది. గేటు బయట ప్రచారం ఖర్చు మాత్రం ప్రైవేటుది. అక్కడ నియమాలు లేవా అంటే ఉన్నాయి. అసెంబ్లీ అభ్యర్థి మన రాష్ట్రంలో 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు. 2022 జనవరిలో ఆ పరిమితిని 30.8 లక్షల నుంచి పెంచారు, ఆత్మకూరు ఉప ఎన్నిక కొత్త పరిమితి కిందే జరిగింది. లోక్‌సభకు 95 లక్షలు. ఎన్నిక కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. విదేశీ విరాళాలు నిషేధం. పార్టీకి ఒక ఏడాదిలో 20 వేలకు మించి ఇచ్చిన వాళ్ల పేర్లు ఎన్నికల సంఘానికి చెప్పాలి.

ఇంతా చేసి తలుపుకు గొళ్లెం పెట్టి కిటికీలు తెరిచి ఉంచారు. అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీకి లేదు. పార్టీ సాధారణ ప్రచారానికి ఎన్ని కోట్లు పెట్టినా చట్టం అడగదు. స్టార్ క్యాంపెయినర్ హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదు.

విరాళాల సంగతి చూద్దాం. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లలో ఎవరు ఎవరికి ఇచ్చారో ఓటరుకు తెలిసేది కాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేసింది. పార్టీకి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. లాభాల్లో 7.5 శాతానికి మించి కంపెనీలు ఇవ్వకూడదన్న పాత పరిమితిని 2017లో తీసేయడం కూడా చెల్లదంది. ఆ తర్వాత బయటపడిన జాబితాలో తెలుగువాళ్లకు తెలిసిన పేర్లే చాలా ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉంది. అందిన సొమ్ములో బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా, వైఎస్సార్సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి దాదాపు 219 కోట్లు. ఇవన్నీ అప్పటి చట్టం ప్రకారం ఇచ్చినవే. కానీ ఆ చట్టం ఓటరు కళ్లకు గంతలు కట్టిందని కోర్టు తేల్చింది.

ఈ పేర్లు ఓటు వేసేముందు మనకు తెలియలేదన్నది అసలు బాధ. 2019 ఏప్రిల్‌లో ఓటు వేస్తే, ఆ ఎన్నికల నాటి దాతల వివరాలు 2024 మార్చిలో తెలిశాయి. పరీక్ష అయ్యాక అయిదేళ్లకు హాల్ టికెట్ ఇచ్చినట్టుంది. అందుకే అడగాల్సినవి రెండు. పార్టీ ఖర్చుకూ పరిమితి పెట్టాలి. పెద్ద విరాళాల వివరాలు పోలింగ్‌కు ముందే బయటపెట్టాలి. ప్రభుత్వమే పార్టీలకు కొంత సాయం చేయాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సూచించింది, అదీ నగదు రూపంలో కాకుండా వసతుల రూపంలో. మంచి ఆలోచనే. కానీ పైన కిటికీలు మూయకుండా కింద కొళాయి విప్పితే ప్రజల డబ్బూ అందులోనే పోతుంది.

బైకులో పెట్రోలు, ఫోన్‌పేలో చార్జీ

ఈ డబ్బంతా చివరికి ఎక్కడ దిగుతుంది? చాలావరకు మీ వయసువాళ్ల దగ్గరే. డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న కుర్రాడికి ఎన్నికల నెల అంటే సీజన్. బైకులో పెట్రోలు, రోజుకు ఇంత, బిర్యానీ ప్యాకెట్, వాట్సాప్ గ్రూపుల్లో పోస్టులు పెట్టే పని. ప్రచారంలో పనిచేయడం నేరం కాదు. నమ్మిన పార్టీకి తిరిగితే మంచిదే. కానీ మీకిచ్చిన కూలీ అభ్యర్థి ఖాతాలో రాసి ఉందా అని ఎప్పుడైనా అడిగారా? రాయకపోతే మీరు చేసిన పని కాగితం మీద జరగనే లేదు. రేపు డబ్బు ఎగ్గొట్టినా అడగడానికి ఆధారం ఉండదు.

బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో ఫోన్ వస్తుంది. ‘ఓటుకు రండి, బస్సు చార్జీ ఫోన్‌పే చేస్తాం.’ ఓటరును అభ్యర్థి తరఫున ఉచితంగా వాహనంలో పోలింగ్ కేంద్రానికి చేర్చడం 123వ సెక్షన్ కింద అవినీతి పద్ధతి. ఓటు కోసం డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ లంచమే. భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. పోలీసు వెరిఫికేషన్ ఉండే ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. రెండు వేల రూపాయల కోసం కేసు తెచ్చుకుంటే అది మీ దరఖాస్తులో ప్రతిసారీ ఒక గడిలో రాయాల్సి వస్తుంది.

అయినా చార్జీకి డబ్బుల్లేకనే కదా వాళ్ల మీద ఆధారపడుతున్నాం అంటారు. అదీ నిజమే. పోలింగ్ రోజు దూరం నుంచి వచ్చే ఓటర్లకు ఆర్టీసీలో రాయితీ ఇస్తే, అది పార్టీ పేరు లేకుండా అందరికీ సమానంగా అందుతుంది. ఎన్నిక ఖర్చు ప్రజలది అన్న సూత్రానికి ఇది సహజమైన కొనసాగింపు. దీన్ని విద్యార్థి సంఘాలు అడగాలి. అడిగినట్టు ఎక్కడా వినపడటం లేదు.

ఒక్క రూపాయి పని

చివరగా మీరు చేయగలిగిన పని ఒకటి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ప్రతి అభ్యర్థీ, ఓడినవాళ్లతో సహా, ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. అంటే మన జిల్లా కలెక్టర్‌కు. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం ఆ లెక్కలను ఎవరైనా చూడొచ్చు. దానికి రుసుము ఒక్క రూపాయి.

ఒక్క రూపాయి! ఉదయగిరి నుంచి నెల్లూరుకు బస్సు చార్జీ దానికి ఎన్నో రెట్లు. అయినా ఒకసారి నలుగురు కలిసి వెళ్లండి. కామర్స్ వాళ్లుంటే మరీ మంచిది, ఓచర్లు చదవడం వాళ్లకు వచ్చు. మీ ఊళ్లో జరిగిన సభ, పెట్టిన కుర్చీలు, తిరిగిన ఆటోలు, మీరు తిన్న బిర్యానీ ఆ లెక్కల్లో ఉన్నాయేమో చూడండి. ఏది లేదో రాసుకోండి. నకలు కావాలంటే రుసుము కట్టి తీసుకోండి. లేనిదాని గురించి రాతపూర్వకంగా కలెక్టర్‌కు ఇవ్వండి. రాజకీయ శాస్త్రం ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి అంశం లేదు. అకౌంట్స్, ఆడిట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి అనుభవమూ లేదు. ప్రచారం జరిగేటప్పుడైతే సీవిజిల్ యాప్ మీ ఫోన్లోనే పనిచేస్తుంది.

పోలింగ్ కేంద్రం పేదరాలి ఓటుకూ పెద్దమనిషి ఓటుకూ తేడా చూడని చోటు. ఆ చోటుకు శామియానా వేసే హక్కు కూడా ఏ ఒక్కరికీ ఇవ్వకూడదు. మనందరి పన్నుల డబ్బుతోనే వేయాలి, చిరిగితే మనమే అడగాలి. రేపు మీరు పోలింగ్ అధికారిగా ఆ బడిలో కూర్చున్నప్పుడు ఎవరో ప్లేటు తెచ్చి ముందు పెడితే, మర్యాదగానే చెప్పండి. ‘అన్నా, వద్దు. మాకు ప్రభుత్వం భోజనం పంపుతుంది.’ ఆ మాట నిజమయ్యేలా ప్రభుత్వాన్ని అడగడం మాత్రం ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.